అప్పుడే చెప్పిన డాక్టరుగారు

ఆ మాట అన్నది ఆయన కాదు, నేను.

మొన్న ఇక్కడ న్యూజెర్సీలో, ఓక్ ట్రీ రోడ్డు పక్కన ఒక బాంక్వెట్ హాల్లో డాక్టరుగారి సంతాపసభ జరిగింది. ఆయన కూతురు మైకు ముందు నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ, ఇక్కడ పుట్టిన పిల్లల తెలుగులో మాట్లాడింది. "మా నాన్నకి ఫుట్‌బాల్ అంటే చాలా ఇష్టం. అందరూ ఆ టాల్ క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకోవాలి అన్నప్పుడు నాన్న ఒక్కరే నో అన్నారు. ఆ షార్ట్ అబ్బాయిని తీసుకోండి అన్నారు. ఎవ్వరూ వినలేదు. నాన్న ముందే చెప్పారు, నాన్న కాల్డ్ ఇట్!" అంది. హాలంతా చప్పట్లు. సంతాపసభలో చప్పట్లేమిటని ఒక్కరికీ తోచలేదు. నా పక్కన కూర్చున్న నా భార్య కూడా కొట్టింది. ఆ సంగతి అసలు ఎలా జరిగిందో నా నోట ఎన్నిసార్లు విన్నదో ఆవిడకే తెలుసు. అయినా కొట్టింది.

పోయినాయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. రాస్తాను. కానీ ముందు ఆ మాట ఎవరిదో తేలాలి.

డాక్టరుగారు వైద్యులు కారు. కాంక్రీటులో పగుళ్ళు ఎందుకొస్తాయన్న విషయం మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నారు. వంతెనలు బాగున్నాయో లేదో చూసే ఉద్యోగం. అయినా మా చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ ఆయన డాక్టరుగారే, ఆటగాళ్ళ మోకాళ్ళ సంగతి వచ్చినప్పుడు మరీను. టీవీలో ఎవడైనా కుర్రాడు కిందపడి కాలు పట్టుకున్నాడంటే గదిలో ఉన్నవాళ్ళంతా ఆయన వైపు తిరిగేవారు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, తెర దగ్గరికి నడిచి, ఆ కుర్రాడి కాలిని వంతెన స్తంభాన్ని చూసినట్టు కిందినుంచి పైదాకా చూసి, "హెయిర్‌లైన్ క్రాక్" అనేవారు. "బయటికి కనపడదు. లోపల ఉంటుంది. వీణ్ణి తీసుకున్న రోజునే చెప్పాను." ఏ రోజున చెప్పారని ఎవరూ అడగరు. అడిగేవాణ్ణి నేనొక్కణ్ణే. నన్నెవరూ పట్టించుకునేవారు కారు.

అమెరికా ఫుట్‌బాల్ తెలియనివారి కోసం రెండు ముక్కలు. పేరులో పాదం ఉన్నా ఇది ముఖ్యంగా చేత్తో బంతి విసిరి, భుజాలతో గుద్దుకునే ఆట. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. వాడు మంచివాడు దొరికితే క్లబ్బు బతుకుతుంది, దొరక్కపోతే లేదు. ఏటా ఏప్రిల్ చివర క్లబ్బులన్నీ కాలేజీ కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. కిందటేడు ఎక్కువగా ఓడినవాడికి ముందు వంతు. మా క్లబ్బుకు దాదాపు ఎప్పుడూ ముందు వంతే. క్లబ్బు పేరు రాయను. న్యూజెర్సీలో దాన్ని నమ్ముకుని ముసలివాళ్ళైన వారికి చెప్పనక్కర్లేదు, మిగిలినవారికి తెలియకపోవడమే ఆరోగ్యం.

డ్రాఫ్ట్ నాటి సాయంత్రం, టీవీలో అసలు ఎంపిక మొదలయ్యే ముందు, డాక్టరుగారి బేస్‌మెంట్‌లో మాకొక సొంత కార్యక్రమం ఉండేది. పాత ఎంపికల మీద విచారణ. ఫలానా ఏడు ఫలానావాణ్ణి ఎందుకు తీసుకున్నారు, వాడి తర్వాత ఉన్నవాణ్ణి ఎందుకు వదిలేశారు, తప్పెవరిది. దీనికి మేం పెట్టుకున్న పేరు తద్దినం. నియమం డాక్టరుగారు పెట్టారు: మూడేళ్ళు నిండని కుర్రాడికి తద్దినం పెట్టకూడదు. మూడేళ్ళకు వాడు పనికొస్తాడో రాడో ఊరందరికీ తెలిసిపోతుంది గనుక, తీర్పు చెప్పడానికి అది ఎంతో అనువైన వయసు.

వదినగారు, అంటే డాక్టరుగారి భార్య, ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు, లక్షణంగా ఉన్న ఇంట్లో ఈ మాటలేమిటని మెట్ల మీదినుంచి కేకలేశారు. మరుసటేడు తనే గారెలు వండి కిందికి తెచ్చారు. "తద్దినమన్నాక గారెలు లేకపోతే ఎలా? తినండి, ఆ కుర్రాడి ఆత్మ శాంతిస్తుంది" అన్నారు. అప్పటినుంచి గారెలు స్థిరపడిపోయాయి. పక్క బల్ల మీద కోడిరెక్కలు. శాకాహారులు గారెల వైపు, మిగిలినవాళ్ళు రెండు వైపులా.

ఆయన కూర్చునే తీరు చెప్పాలి. వెనక్కి వాలే పెద్ద కుర్చీ, లుంగీ, పైన క్లబ్బు జెర్సీ. రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు తొడిగి, దాన్ని లుంగీ ముడిలో దోపుకునేవారు. తీర్పు చెప్పే ముందు పళ్ళెంలోంచి ఒక గారె తీసుకుని, దాని చిల్లులో చూపుడువేలు దూర్చి, ఆ వేలిని పైకెత్తేవారు. గారె ఆ వేలి మీద మెల్లగా తిరుగుతూ ఉండగా తీర్పు వచ్చేది. "వీణ్ణి తీసుకోవడం ఆ జనరల్ మేనేజర్ చేసిన పాపం. నేను అప్పుడే చెప్పాను." తీర్పు పూర్తయ్యాక గారె తినేవారు. ఆ గారె ఆయన నోట్లోకి వెళ్ళిందంటే ఇక అప్పీలు లేదు.

మరి అప్పుడు, అంటే నిజంగా అప్పుడు, ఎంపిక జరుగుతున్నప్పుడు ఆయన ఏమనేవారు? "చూద్దాం" అనేవారు. మేమంతా వీణ్ణి తీసుకోవాలి, కాదు వాణ్ణి తీసుకోవాలి అని గొంతులు చించుకుంటుంటే ఆయన రిమోట్ సవరించుకుని, "చూద్దాం, చూద్దాం" అనేవారు. మూడేళ్ళ తర్వాత ఆ "చూద్దాం"లోంచి "అప్పుడే చెప్పాను" పుట్టుకొచ్చేది. ఎలా పుట్టేదో ఆయన పరిశోధనలో కూడా ఉండి ఉండదు.

ఆటకే పరిమితమైనా బాగుండేది. ఎవరి ఉద్యోగం పోయినా, ఎవరి వియ్యంకుడు చెడ్డవాడని తేలినా, ఆయన అప్పుడే చెప్పి ఉండేవారు. నేను కాలువకు దగ్గర్లో ఇల్లు కొన్నాను. గృహప్రవేశం నాడు పులిహోర రెండోసారి వడ్డించుకుంటూ, "బంగారంలాంటి ఇల్లోయ్" అన్నారు. కొన్నేళ్ళకు పెద్ద వాన వచ్చి నా బేస్‌మెంట్‌లోకి నీళ్ళు చేరాయి. ఫోను పెట్టేసిన కాసేపటికే ఆయన కారు నా వాకిట్లో ఉంది. డిక్కీలో సొంత పంపు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళలో దిగి, "ఈ నేల వాలు చూసి ఆ రోజే చెప్పాను" అన్నారు.

"పులిహోర తింటూ బంగారంలాంటి ఇల్లన్నారు డాక్టరుగారూ."

"పైన ఇల్లు బంగారమే. నేను కింద సంగతి చెబుతున్నా. ఆ గొట్టం ఇలా అందుకో."

నీళ్ళన్నీ బయటికి పోయేదాకా ఇంటికి వెళ్ళలేదు. మధ్యమధ్య "అప్పుడే చెప్పాను" అని పంపు చప్పుడును మించి అరుస్తూనే ఉన్నారు. ఆ రోజు సాయం వచ్చినవారు మరొకరు లేరు. ఇది కూడా రాయాలి గనుక రాశాను.

నా సంగతి క్లుప్తంగా. పదో తరగతితో చదువు ఆగిపోయింది. మా అన్నయ్య పిలిపిస్తే వచ్చి లేతు మిషను మీద పని చేశాను. ఇంగ్లీషు వార్తాపత్రికల క్రీడాపేజీల్లో నేర్చుకున్నాను. అందుకే ఇప్పటికీ నా ఇంగ్లీషులో ఎవరో ఒకరు ఎవరినో చిత్తుగా ఓడిస్తూనే ఉంటారు. ఆ బేస్‌మెంట్‌లో మిగిలినవాళ్ళంతా ఇంజనీర్లు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు తెలుస్తుంది.

ఆ ఏడు మా క్లబ్బుకు చాలా ముందు వంతు వచ్చింది. క్వార్టర్‌బ్యాక్ కావాలి. ఇద్దరు కుర్రాళ్ళు మిగిలారు. ఒకడు పెద్ద యూనివర్సిటీవాడు, బారెడు పొడుగు, చెయ్యి ఫిరంగి. రెండోవాడు ఎవరూ వినని కాలేజీవాడు, పొట్టి. టీవీలో వ్యాఖ్యాత పొడుగువాడి గురించి చెబుతూ, కుర్రాడు మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాడన్నాడు. గదిలో ఒక్కసారిగా కుర్చీలు కిర్రుమన్నాయి.

"ఇంజనీరింగా!" అన్నాడొకాయన, కోడిరెక్క నోటి దగ్గరే ఆపి.

"మెకానికల్" అన్నారు డాక్టరుగారు, మేనల్లుడి సంగతి చెబుతున్నంత మురిపెంగా.

"జీపీఏ ఎంతో?"

"బంతి విసరడానికి జీపీఏ దేనికండీ?" అన్నాను నేను.

"నీకు తెలియదోయ్. విసరడమంటే ఏమనుకున్నావు? ప్రొజెక్టైల్ మోషన్. కోణం, వేగం, గాలి. వాడు లెక్క కట్టి విసురుతాడు."

ఇక అక్కడినుంచి అది ఫుట్‌బాల్ కాదు, పెళ్ళిచూపులు. వాళ్ళమ్మ స్కూల్ టీచరట. తండ్రి తాగడట. చెల్లెలు మెడిసిన్‌కి ప్రిపేర్ అవుతోందట. పిల్లాడు ఎంత అణకువగా కూర్చున్నాడో చూడండి, కోటు ఎంత బాగా కుదిరిందో చూడండి. ఆ గదిలో ఉన్నవాళ్ళకు పెళ్ళీడు కూతుళ్ళు ఉన్నారు. ఆ క్షణాన ఒక్కరికైనా ఆ కుర్రాడి మతం, రంగు గుర్తున్నాయని నేననుకోను.

"మరి ఆ పొట్టివాడో?" అన్నాను.

"వాడిది పార్కుల మేనేజ్‌మెంట్‌లో డిగ్రీట" అన్నాడు కోడిరెక్కాయన. "అదేం చదువు? డిగ్రీ చేతికొచ్చాక పార్కు ఊడుస్తాడా?"

నవ్వులు. నేను లేచి నిలబడ్డాను. ఎప్పుడూ లేవను, ఆ రోజు లేచాను. "పొట్టివాణ్ణే తీసుకోవాలి" అన్నాను. "వాడి ఆట చూశారా మీరెవరైనా? కిందపడేసిన ప్రతిసారీ తనే లేచి, బంతి తనే పట్టుకెళ్ళి రిఫరీ చేతిలో పెడతాడు. ఈ పొడుగాయన పడితే, ఎవరొచ్చి లేపుతారా అని చుట్టూ చూస్తాడు. మనది రోజూ పడే జట్టు. మనకు లేచేవాడు కావాలి."

అప్పుడు డాక్టరుగారు నవ్వారు. ఆయన నవ్వు కడుపులో మొదలై, భుజాల దాకా వచ్చి, దగ్గులో తేలేది. కళ్ళలో నీళ్ళు జెర్సీ అంచుతో తుడుచుకుని, "ఏమోయ్, బంతి అందించే కుర్రాడు కావాలంటే టెన్నిస్ చూసుకో!" అన్నారు. గది పడీపడీ నవ్వింది. గారెలు పట్టుకుని మెట్లు దిగుతున్న వదినగారు కూడా సంగతేమిటో తెలియకుండానే నవ్వారు.

క్లబ్బు పొడుగువాణ్ణి తీసుకుంది. గదిలో ఒకర్నొకరు కావలించుకున్నారు. ముందుగా నోరు విప్పి ఒకణ్ణి తీసుకోమని డాక్టరుగారు అనడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఇంజనీరింగ్ అన్న మాట ఆయన చేత "చూద్దాం" మాన్పించింది. మర్నాడే షాపుకు వెళ్ళి ఆ పొడుగువాడి పేరున్న జెర్సీ కొనుక్కొచ్చుకున్నారు.

తర్వాతి కథ న్యూజెర్సీలో అందరికీ తెలుసు. పొడుగువాడు మొదటేడు పడ్డాడు, చుట్టూ చూశాడు. ఆపైన మోకాలు పోయింది, ఆపైన ధైర్యం పోయింది. ఇప్పుడు ఏదో వంతెనల కంపెనీలో ఇంజనీరుగా ఉన్నాడని విన్నాను. ఇది తెలిసినప్పుడు డాక్టరుగారు, "చూశావా, చదువుకున్నవాడు చెడిపోడు" అన్నారు తప్ప మరో మాట అనలేదు. పొట్టివాణ్ణి మా పక్క రాష్ట్రపు క్లబ్బు, మాకు ఆగర్భశత్రువైనది, ఎగరేసుకుపోయింది. వాడు ఏటా మా మైదానానికే వచ్చి, మా వాళ్ళ చేత పడగొట్టించుకుని, లేచి, బంతి రిఫరీ చేతికిచ్చి, మమ్మల్ని ఓడించి వెళ్ళేవాడు. పదేళ్ళ పైన చూశాను ఆ వైభవం.

మూడేళ్ళు నిండాయి. పొడుగువాడి తద్దినం వచ్చింది. డాక్టరుగారు గారె తీసుకున్నారు, వేలు దూర్చారు, వేలు లేచింది.

"నేను అప్పుడే చెప్పాను. పొట్టివాణ్ణి తీసుకోండయ్యా, కిందపడితే తనే లేచి బంతి తనే రిఫరీ చేతికిస్తాడు, గమనించారా అని. విన్నారా ఎవరైనా?"

నా మాట. అక్షరం పొల్లుపోకుండా నా మాట. గదిలో ఒక్కరూ ఉలిక్కిపడలేదు. పైగా తలకాయలు ఊపుతున్నారు.

"డాక్టరుగారూ, ఆ మాట నేనన్నాను" అన్నాను.

"నువ్వా?" అన్నాడు కోడిరెక్కాయన. "నువ్వు బంతి తన్నేవాణ్ణి మొదటి వంతులో తీసుకోమన్నావు కదయ్యా."

"అది అంతకు ముందేడు! ఆ సంగతి వేరు."

"వేరేమిటి? వాడు తన్నిన బంతి పార్కింగ్‌లో పడిందిగా!"

మళ్ళీ నవ్వులు. నేను ఆఖరి అస్త్రం తీశాను. బేస్‌మెంట్ కిటికీ దగ్గర వదినగారి కరివేపాకు మొక్క ఉండేది. చలికాలం దాన్ని వరండాలోంచి లోపలికి తెచ్చి, కిటికీ సందుల్లోంచి వచ్చే చలి తగలకుండా కుండీకి ఒక గుడ్డ చుట్టేవారు. ఆ గుడ్డ, పొడుగువాడి జెర్సీ. పేరు పైకి కనబడుతోంది కూడా.

"మరి ఆ చొక్కా ఎవరు కొన్నారు? మొదటేడంతా ఒంటి మీదినుంచి తీశారా?" అన్నాను.

అందరూ కరివేపాకు వైపు చూశారు. డాక్టరుగారు కూడా చూశారు, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు. తర్వాత తాపీగా, "అందుకే కదా మొక్కకు చుట్టాను. వాడి మీద నాకు నమ్మకముంటే మొక్కకు చుడతానా?" అన్నారు. గారె నోట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆ కథ ఏటేటా పెరిగింది. మొదట ఆయన ఆ మాట అన్నారు. తర్వాత లేచి నిలబడి అన్నారు. ఆ తర్వాత బల్ల గుద్ది అన్నారు. వరంగల్ నుంచి వచ్చిన శ్రీకాంత్ అనే సాఫ్ట్‌వేర్ అతను మాలో చేరేనాటికి, ఆయన ఒంటరిగా గదినంతటినీ ఎదిరించారు. అన్నిటికన్నా దారుణం ఏమిటంటే, ఆ నవ్వినవాళ్ళలో నన్ను కూడా కలిపారు. నా భుజం మీద చెయ్యేసి, "పాపం మనవాడు కూడా నవ్వాడు. నేనేమీ అనుకోలేదు" అనేవారు. నన్ను క్షమించారన్నమాట.

ఒకసారి శ్రీకాంత్‌ను పక్కకు పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"అంకుల్, నేనప్పుడు వరంగల్‌ల ఇంటర్ చదువుతున్న" అన్నాడు. "నాకేం ఎరుక? కానీ అందరు డాక్టరంకులే చెప్పిన్రు అంటున్నరు కద."

"అందరూ తప్పు చెబుతున్నారు."

"అందరు తప్పు, మీరొక్కరే రైట్ అంటే ఎట్ల అంకుల్?" అని, నా మొహం చూసి, "సరే సరే, మీరే చెప్పిన్రు. ఇగో, గారె తినుండ్రి" అన్నాడు. జాలితో ఇచ్చిన గారె రుచి ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

ఎందుకింత పట్టుదల అని నా భార్య చాలాసార్లు అడిగింది. ఇంత వయసొచ్చాక ఒక పొట్టి కుర్రాడి గురించి ఎవరు ఏమన్నారన్నది ఏం తేడా చేస్తుందని. చేస్తుంది. నేను ఈ దేశంలో అడుగుపెట్టినప్పటినుంచి ఎన్నో చెప్పాను. చెప్పినవాటిలో పదుగురు చూస్తుండగా నిజమై తీరింది ఆ ఒక్కటే. అదీ ఆయన పేరు మీద నడుస్తోంది. ఇంకొకటి కూడా ఉంది. ఏళ్ళ తరబడి ఆ బేస్‌మెంట్‌లో ఎవర్ని తీసుకోవాలని ఒకర్నొకరు అడుగుతుండేవారు. నన్ను మటుకు ఎవరూ అడగలేదు. నాకై నేనే చెప్పేవాణ్ణి.

ఎవరూ లేనప్పుడు ఆయన్ను నిలదీశాను. కారులో నిలదీశాను. గుడిలో ప్రసాదం వరసలో నిలదీశాను. నా బేస్‌మెంట్‌లో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి నిలదీశాను. "డాక్టరుగారూ, మనిద్దరమే ఉన్నాం. ఆ మాట ఎవరన్నారు?" ప్రతిసారీ ఆయన నావైపు ప్రేమగా చూసి, ఒకటే జవాబిచ్చేవారు. "చూద్దాం."

సంతాపసభలో కూతురు తర్వాత మైకు నాకిచ్చారు. పాత స్నేహితుణ్ణి కదా. ఆ నాలుగడుగులూ నడిచేటప్పుడు ఏం చెప్పాలో నాకు స్పష్టంగా ఉంది. చెబితే ఇప్పుడే చెప్పాలి, సాక్షులందరూ ఒక్క చోట దొరికారు. మైకు సవరించుకున్నాను. ముందు వరసలో వదినగారు, ఆమె పక్కన కూతురు ఇంకా ముక్కు తుడుచుకుంటోంది. వెనకనుంచి శ్రీకాంత్ ఉత్సాహం పట్టలేక, "చెప్పుండ్రి అంకుల్, మీరు అక్కడనే ఉన్నరు కద!" అన్నాడు.

"ఉన్నాను" అన్నాను. "ఆ మాట ఆ బేస్‌మెంట్‌లో అనడం నిజం. నా చెవులతో విన్నాను."

అబద్ధమేమీ ఆడలేదు. నా మాట నా చెవుల్లో పడదా? మళ్ళీ చప్పట్లు. వచ్చి కూర్చుంటే నా భార్య, "బాగా మాట్లాడారు" అంది. పెళ్ళైన ఇన్నేళ్ళకు.

అలా ఎందుకు అన్నానంటే, అంతకు కొద్దివారాల ముందు ఆయన నాకు జవాబిచ్చారు.

పక్షవాతం వచ్చి ఆయన్ను రిహాబ్ సెంటర్‌లో పెట్టారు. నేను వెళ్ళేసరికి కుడిచెయ్యి దుప్పటి మీద పడి ఉంది. మాట మెల్లగా, కొంచెం ముద్దగా వస్తోంది. ఆ గదిలో రెండు మంచాలు. రెండోదాని మీద ఒక అమెరికన్ ముసలాయన గోడవైపు తిరిగి నిద్రపోతున్నాడు. వినికిడి మిషను తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. మంచం కొమ్ముకు ఒక టోపీ తగిలించి ఉంది. పొట్టివాణ్ణి ఎగరేసుకుపోయిన క్లబ్బు టోపీ. డాక్టరుగారు కళ్ళతోనే ఆ టోపీ చూపించి, తమ ఖర్మ ఎలా కాలిందో తెలిపారు.

వదినగారు ఇంటినుంచి మెత్తటి గారెలు తెచ్చారు. తినకూడదు, గొంతుకు అడ్డం పడుతుందన్నారు నర్సులు. "చేత్తో పట్టుకుంటే తప్పేముంది?" అని ఆవిడ ఒక గారె ఆయన కుడిచేతిలో పెట్టి, నర్సుతో మాట్లాడడానికి బయటికి వెళ్ళారు. ఆయన చూపుడువేలు చిల్లు కోసం వెతికింది. అందలేదు. మళ్ళీ వెతికింది. నేను చూడలేక గారె తీసి ఆయన వేలికి తొడిగాను. వేలు పైకి లేవలేదు. నేనే ఆయన మణికట్టు పట్టుకుని పైకెత్తాను.

ఇలాంటి చోట అడగవచ్చునా అంటే, అడగకూడదు. అడిగాను. ఇంకెక్కడ అడుగుతాను?

"డాక్టరుగారూ, మనిద్దరమే ఉన్నాం. ఆ పొట్టివాడి మాట ఎవరన్నారు?"

"చూద్దాం" వస్తుందనుకున్నాను. రాలేదు. గారె మెల్లగా ఊగుతుండగా, ఒక్కొక్క ముక్కా కూడదీసుకుంటూ అన్నారు:

"నువ్వేనోయ్. నాకు తెలియదా? నవ్వింది నేనేగా. కానీ నువ్వన్నావంటే ఎవడు నమ్మేవాడు? నేనన్నానని చెప్పబట్టే ఇన్నేళ్ళు నిలబడింది నీ మాట. సరేగానీ, ఈ ఏడు ఎవర్ని తీసుకోమంటావు? ఇలా దగ్గరికొచ్చి, మెల్లిగా చెప్పు. పక్క మంచం ఆయన వింటాడు."